ఖాళీ అని రాసిన నేల

తాళ్ళకోడు మునిసిపల్ కౌన్సిలులో కృపమ్మ మెంబరై ఏడాదిన్నర అయింది. ఆ ఏడాదిన్నరలో సభలో ఆమె నోటి నుంచి వచ్చిన మాట ఒక్కటే, "ఆ ఫ్యాను ఆపించండయ్యా, కాగితాలెగిరిపోతున్నాయి" అని. మిగతాదంతా చేత్తోనే జరిగిపోయింది. చైర్మన్ భుజంగరావు గారు "అనుకూలమైనవాళ్ళు చేతులెత్తండి" అంటారు. ఇరవై మందీ ఎత్తుతారు. వాళ్ళలో ఆమె ఒకతె. అది ఆడవాళ్ళకని వదిలిన సీటు. అందులో ఎవరిని కూర్చోబెడితే నోరెత్తకుండా ఉంటారా అని పెద్దలు వెతికి వెతికి అద్దకంపేట నుంచి కృపమ్మను తెచ్చి నిలబెట్టారు. పాపం, వెతకడంలో వాళ్ళు లోపం చెయ్యలేదు. పేటలో ఆవిడ ఎలా మాట్లాడుతుందో ఒక్కపూట వచ్చి విని ఉంటే సరిపోయేది.

బందరు నుంచి గుడివాడ వెళ్ళే రోడ్డుకీ కాలవకీ మధ్య అరవై గడపలు, అదీ అద్దకంపేట. చెక్క అచ్చులతో గుడ్డల మీద పూలూ లతలూ అద్దడం వాళ్ళ పని. అందరూ క్రైస్తవులే. బందరు షావుకార్లు తెల్లగుడ్డ పంపిస్తారు, వీళ్ళు దుప్పట్లూ తెరలూ చేసి తిరిగి పంపిస్తారు. ఆ పేటలో పుట్టినవాళ్ళ అరచేతులు చూస్తే చాలు, ఊరు చెప్పనక్కర్లేదు. ఎంత తోమినా ఎరుపు పోదు, గోళ్ళ చుట్టూ నలుపు పోదు. కృపమ్మ కౌన్సిలుకు వెళ్ళేటప్పుడు మొదట్లో చింతపండు పెట్టి తోముకునేది. తరవాత మానేసింది.

అది పందొమ్మిది వందల అరవై డిసెంబరు, మొదటి సోమవారం. గుమాస్తా పదకొండో అంశం చదివాడు. "గుడివాడ వాస్తవ్యులు పిచ్చేశ్వరరావు గారి రైసుమిల్లు ప్లానులో మార్పులు. లోగడ ఆమోదించిన ప్లానులో మిల్లు గోడ కాలవగట్టుకు అరవై గజాల ఇవతల ఉన్నది. సదరు గోడను గట్టు దాకా జరిపి, మధ్యనున్న పోరంబోకు స్థలంలో ధాన్యం ఆరబోసుకునేందుకు సిమెంటు కళ్ళం కట్టుకొనుటకు అనుమతి కోరుతున్నారు. సదరు స్థలం ఖాళీగా ఉన్నదనీ, ఎవరి అనుభవంలోనూ లేదనీ ఓవర్సీరు గారి రిపోర్టు."

"అనుకూలమైనవాళ్ళు చేతులెత్తండి" అన్నారు భుజంగరావు గారు, కాఫీ గ్లాసు వంక చూస్తూ.

పంతొమ్మిది చేతులు లేచాయి. అలవాటు కొద్దీ కృపమ్మ చెయ్యి కూడా సగం దాకా లేచింది. అప్పుడు తట్టింది ఆమెకి, ఏ నేల గురించి చదివారో. ఆ లేచిన చేతిని ఒళ్ళోకి లాక్కుని, రెండో చేత్తో గట్టిగా పట్టుకుని లేచి నిలబడింది.

"ఏ స్థలమండీ ఖాళీ?"

సభంతా ఆమె వైపు తిరిగింది. ఫ్యాను గురించి కాబోలనుకున్నారు కొందరు.

"కాలవగట్టు స్థలం కృపమ్మా. కూర్చో" అన్నారు భుజంగరావు గారు. గుమాస్తా హాజరు పిలిచేటప్పుడు అందరి పేర్లకీ గారు తగిలించి, ఆమె దగ్గరికొచ్చేసరికి 'కృపమ్మ' అని ఊరుకుంటాడు. చైర్మన్ గారిదీ అదే మర్యాద.

"అది మేం గుడ్డలారేసుకునే నేలండీ! ఖాళీ ఏమిటి? మా తాతలనాటి నుంచి అక్కడే ఉతుకుతున్నాం, అక్కడే ఆరేస్తున్నాం. పటిక అద్దిన గుడ్డ పారే నీళ్ళలో ఉతక్కపోతే తెలుపంతా ఎర్రబారిపోద్దండీ. ఉడకబెట్టాక గడ్డి మీద పరిచి, పొద్దు గూకేదాకా నీళ్ళు చల్లుకుంటూ ఆరబెట్టాలి. ఆ నేల పోతే మా అరవై ఇళ్ళలో అచ్చులు పొయ్యిలోకే!"

"మీకు మునిసిపల్ కుళాయి వేయిస్తాంలే."

"కుళాయి పారుద్దాండీ? బొట్లు బొట్లుగా కారుద్ది. అదైనా పొద్దున ఓ గంట."

కొందరు నవ్వారు. భుజంగరావు గారు నవ్వలేదు. పిచ్చేశ్వరరావు గారి మిల్లులో ఆయన బావమరిదికి వాటా ఉందన్న సంగతి ఊళ్ళో పశువులక్కూడా తెలుసు. ఆయన ఓవర్సీరు అంకమ్మరావు వైపు తిరిగి, "ఏమయ్యా, నువ్వు చూసొచ్చావా లేదా?" అన్నారు.

"చూశానండీ. గొలుసేసి మరీ కొలిచాను. మనిషన్నవాడు లేడండీ అక్కడ, గుడ్డపీలికైనా లేదు. ఒట్టి గడ్డి."

"ఎప్పుడొచ్చావు నాయనా?" అంది కృపమ్మ.

అంకమ్మరావు జేబులోంచి చిన్న పుస్తకం తీసి తిరగేశాడు. "సెప్టెంబరు పద్దెనిమిదో తారీకండీ."

కృపమ్మకి ఒక్కసారిగా జ్ఞాపకం వచ్చింది. ఆరోజు ఆదివారం. తాను గుడి నుంచి తిరిగి వస్తోంది. ఎండలో గొలుసు లాగించుకుంటూ ఈ అంకమ్మరావే కనబడ్డాడు. మొహం కందగడ్డలా అయిపోయిందని జాలిపడి, ఇంట్లోకి వెళ్ళి కరివేపాకు వేసిన మజ్జిగ చెంబుడు తెచ్చి ఇచ్చింది. దేనికి కొలుస్తున్నావు నాయనా అని అడిగిందా? అడగలేదు. ఆదివారం పూట పని మాట ఎత్తకూడదని ఊరుకుంది. ఛీ, తన బుద్ధి కాల! తన నేలకి గొలుసు వేస్తుంటే తానే మజ్జిగ పోసింది.

"ఆదివారం గదయ్యా అది! ఆదివారం మా పేటలో ఎవరూ గుడ్డ తడపరు. సోమవారం వచ్చి ఉంటే నీకు అడుగు పెట్టే చోటుండేదా?"

అంకమ్మరావు పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. కమీషనరు గారు, ఆయన ఆ ఊరికి బదిలీ మీద వచ్చి రెండు నెలలే అయింది, కళ్ళజోడు సవరించుకుని అన్నారు. "చైర్మన్ గారూ, స్థలం ఖాళీ అని నేను సంతకం పెడితే గానీ కాగితం కలెక్టరాఫీసుకు వెళ్ళదు. మెంబరే కాదంటుంటే చూడకుండా పెట్టలేను. సబ్‌కమిటీ వెళ్ళి చూడాలి."

భుజంగరావు గారు కాసేపు ఆలోచించారు. తరవాత ఆయన మొహం విప్పారింది. "అలాగే వెళ్దాం. వారంలో మనవాళ్ళందరికీ పనులుంటాయి గదా. ఆదివారం, పదకొండో తారీకు, పొద్దున తొమ్మిదిన్నరకి" అన్నారు, తాపీగా కాఫీ తాగుతూ.

అంత తెలివి మంచి పనికి వాడి ఉంటే తాళ్ళకోడు బాగుపడిపోయేది. ఆదివారం తొమ్మిదింటికి పేట మొత్తం గుళ్ళో ఉంటుందని ఊళ్ళో ఎవరికి తెలియదు?

ఇంటికొచ్చి సంగతి చెప్పేసరికి రాజారత్నం చేతిలోని అచ్చు బల్ల మీద పడేశాడు. అతను కృపమ్మకి మొగుడే కాదు, మేనత్త కొడుకు కూడా. తిట్టాలన్నా చనువే, భయపడాలన్నా చనువే.

"నీకెందుకే ఈ గొడవ! చెయ్యెత్తమన్నారు, ఎత్తి రావాల్సింది. ఇప్పుడు వాళ్ళతో పెట్టుకుని బతుకుతామా?"

"ఎత్తితే బతుకుతామా బావా? చెప్పు. ఎక్కడ ఉతుకుతావు? నా నెత్తి మీదా?"

రాజారత్నం పడేసిన అచ్చును తీసి తుడుస్తూ మెల్లిగా అన్నాడు. "పోనీ, ఆ ఒక్క ఆదివారం గుడ్డలారేద్దాం. దేవుడు చూసీ చూడనట్టు ఊరుకుంటాడులే."

ఆ మాటకి కృపమ్మ ఒళ్ళు మండిపోయింది. దేవుడి సంగతి దేవుడు చూసుకుంటాడు. ఆ ఆదివారం ఊరికే వచ్చిందా? తాతల రోజుల్లో షావుకారు ఏడు రోజులూ పని చెయ్యాల్సిందే అన్నాడు. పేట మొత్తం అచ్చులు మూటగట్టి అటక మీద పడేసింది. మూడు నెలలు కలుపులకు పోయారు, ఊడ్పులకు పోయారు, గంజి తాగి పడుకున్నారు గానీ అచ్చు పట్టుకోలేదు. ఆఖరికి షావుకారే జట్కా కట్టించుకుని వచ్చి, "సరేనర్రా, ఆదివారం మీది" అని వెళ్ళాడు. ఆనాటి నుంచి అరవై ఏళ్ళుగా ఆదివారం పేటలో గుడ్డ తడవలేదు. పెళ్ళికీ తడవలేదు, సరుకెక్కాల్సిన ఓడ బందరు రేవు నుంచి వెళ్ళిపోతోందని కబురొచ్చినా తడవలేదు. ఇప్పుడు భుజంగరావు గారు వస్తున్నారని తడుపుతారా?

"ఆరేస్తే నేల దక్కుద్ది, ఆదివారం పోద్ది. ఆరెయ్యకపోతే ఆదివారం దక్కుద్ది, నేల పోద్ది. ఏదో ఒకటి మన చేత్తో మనమే ఇచ్చెయ్యాలని ఆయన ఎత్తు. నేను రెండూ ఇవ్వను బావా. ఒక్కటి కూడా ఇవ్వను" అంది కృపమ్మ.

మంగళవారం పొద్దున్నే పాస్టరు దైవాధీనం అయ్యగారి దగ్గరికి వెళ్ళింది. అయ్యగారిది ఘంటసాల దగ్గర పల్లె. మనిషి పుల్లలా ఉంటాడు, గొంతు మాత్రం మైకు అక్కర్లేని గొంతు. ఆయనతో పేటకి ఉన్న ఇబ్బంది ఒక్కటే, ప్రార్థన మొదలుపెడితే ఆపడం చేతకాదు. పొయ్యి మీద ఎసరు పెట్టి గుడికొచ్చినవాళ్ళు ఆ ఎసరు మీద ఆశ వదులుకోవాల్సిందే.

"ఆదివారం పనా? నా కంఠంలో ప్రాణముండగా ఒప్పుకోను కృపమ్మా" అన్నారు అయ్యగారు, ఆమె నోరు తెరవక ముందే. రాజారత్నం మాట అప్పుడే పేటంతా పాకింది మరి.

"పని చెయ్యమన్నానా అయ్యగారూ? ప్రార్థన చెయ్యమంటున్నాను."

"అదెలాగూ చేస్తాంగా."

"ఆరేసే నేల మీద చెయ్యమంటున్నాను."

అయ్యగారు ఆమె మొహంలోకి చూశారు. ఆయన పిరికివాడని పేటలో చాలామంది అనుకునేవాళ్ళు, కొంత నిజం కూడా. చాలాసేపు గడ్డం గోక్కున్నారు. "హార్మోనియం ఎవరు మోసుకొస్తారు?" అన్నారు.

"మా బావ మోస్తాడు."

"మూడొందల మంది దేని మీద కూర్చుంటారు? మంచుకి గడ్డి తడిగా ఉంటుంది."

"ప్రతి ఇంట్లోనూ బందరు వెళ్ళాల్సిన దుప్పట్లు మడతేసి ఉన్నాయి. అవి పరుద్దాం. పొడి దుప్పటి పరుచుకుని కూర్చుంటే పనవుద్దా అండీ?"

"అవి షావుకారు సరుకమ్మా!"

"ఆరింది ఆ గడ్డి మీదేగా. మళ్ళీ కాసేపు దాని మీదుంటే ఏమైపోద్ది?"

"మధ్యలో వాళ్ళొచ్చి లెమ్మంటేనో?"

"మీరు కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉంటారు గదా అయ్యగారూ. ఎంతసేపైనా ఉండండి. ఈసారి ఎసరు సంగతి ఎవరూ తలుచుకోరు."

అయ్యగారు పకపకా నవ్వారు. ఆయన అలా నవ్వడం కృపమ్మ అంతకు ముందెప్పుడూ చూడలేదు.

ఆదివారం గుడిగంట ఎప్పటిలాగే ఎనిమిదిన్నరకు మోగింది. జనం మాత్రం గుడి ముందు నుంచి నడిచి కాలవగట్టుకు వెళ్ళారు. చంకల్లో దుప్పట్లు, చేతుల్లో పాటల పుస్తకాలు. ముందు రాజారత్నం, నెత్తి మీద హార్మోనియం, నోట్లో సణుగుడు. దుప్పటి పక్కన దుప్పటి పరుచుకుంటూ పోయారు. ఈ కొసన మిల్లు గోడ, ఆ కొసన నీళ్ళు, మధ్యలో పచ్చగడ్డి పరక కనబడకుండా ఎర్రపూలూ నల్లలతలూ పరుచుకున్నాయి. మగవాళ్ళొక వైపు, ఆడవాళ్ళొక వైపు, ముందు వరసలో ముసలివాళ్ళు. కృపమ్మ గట్టు దగ్గర, ఉతుకుడు బండల పక్కన కూర్చుంది. కమిటీవాళ్ళు రాకుండానే 'చూశాం' అని రాసేసుకుంటేనో అని భయం.

వచ్చారు. చైర్మన్ గారి కారూ, మునిసిపాలిటీ జీపూ వచ్చి రోడ్డు మీద ఆగాయి. భుజంగరావు గారూ, పిచ్చేశ్వరరావు గారూ, కమీషనరు గారూ, మరో నలుగురు మెంబర్లూ దిగారు. వెనక గొలుసు భుజాన వేసుకున్న ఇద్దరు కూలీలతో అంకమ్మరావు. మిల్లు గోడ మలుపు తిరిగారో లేదో అందరూ ఠక్కున ఆగిపోయారు.

"ఏమిటీ నాటకం!" అన్నారు భుజంగరావు గారు.

సరిగ్గా అప్పుడే దైవాధీనం అయ్యగారు కళ్ళు మూసుకున్నారు. "ప్రార్థన చేసుకుందాం" అన్నారు. మూడొందల తలలు వంగాయి.

అయ్యగారు ముందు దేశం కోసం ప్రార్థించారు. తరవాత కలెక్టరు గారి కోసం. తరవాత మునిసిపల్ కౌన్సిలు కోసం, ఒకటో వార్డు నుంచి మొదలుపెట్టి ఒక్కో వార్డూ పేరుపేరునా. కమీషనరు గారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. అది చూసి మెంబర్లు చేతులు కట్టుకున్నారు. కూలీలు గొలుసు కింద పెట్టేసి దండం పెట్టారు. ఏడో వార్డు దాటేసరికి పిచ్చేశ్వరరావు గారు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి ఒరిగారు. పన్నెండో వార్డు దగ్గర భుజంగరావు గారు గడియారం చూసుకున్నారు. "ప్రభువా, మా చైర్మన్ గారి మోకాళ్ళ నొప్పి జ్ఞాపకం చేసుకో. వారు నిలబడలేరు" అన్నారు అయ్యగారు, ఆ మైకు అక్కర్లేని గొంతుతో. చైర్మన్ గారి మొహం మాడిపోయింది. ఇరవయ్యో వార్డు అయ్యాక, ప్లానులు గీసేవాళ్ళ కోసమూ, గొలుసు లాగేవాళ్ళ కోసమూ విడివిడిగా ప్రార్థించి ఆమెన్ అన్నారు.

"ఆమెన్!" అని పేట మొత్తం అరిచింది. ఆ అరుపుకి కాలవ అవతలి కొంగలు లేచిపోయాయి.

కృపమ్మ లేచి నిలబడింది. "రండి చైర్మన్ గారూ, రండి. చూడ్డానికేగా వచ్చారు."

"వీళ్ళని పక్కకి తప్పుకోమను. గొలుసెయ్యాలి" అంటూ ఆయన విసురుగా ముందుకు అడుగు వేశారు. జోడు దుప్పటి అంచు మీద పడింది.

"బాబూ, జోళ్ళు" అంది ముందు వరసలోని ముసలి ఆనందమ్మ, నెమ్మదిగానే. "ప్రార్థన చేసుకునే గుడ్డ."

ఆయన కాలు వెనక్కి తీసుకున్నారు. జోళ్ళు విప్పి రావచ్చు. రాలేదు. అక్కడే నిలబడి గొంతు పెంచారు. "ఇవాళ తెచ్చి కూర్చోబెట్టావు. రేపు? రేపు ఖాళీయే గదా!"

కృపమ్మకి కోపం కట్టలు తెంచుకుంది. ఏడాదిన్నర నుంచి దాచుకున్నదంతా వచ్చింది. "రేపా? రేపు రండి! రేపొస్తే ఇంత మేరా తడిగుడ్డలుంటాయి. ఎల్లుండి రండి, ఉంటాయి. శనివారం రండి, ఉంటాయి. వారంలో ఆరు రోజులు వదిలేసి మీ ఓవర్సీరు ఈ రోజొచ్చాడు. తెలియక వచ్చాడనుకుందాం. మీరు తెలిసే వచ్చారు! మేం కష్టం చేసుకునే రోజు చూడరు, మేం దేవుణ్ణి తలుచుకునే రోజొచ్చి, ఎవరూ లేరు, ఒట్టి గడ్డి అని రాసుకుపోతారా? ఈ గట్టు వెంబడి చూడండి, మా అత్త ఉతికిన బండ, దాని పక్కన నేను ఉతికే బండ. అరిగిపోయి పళ్ళేల్లా అయ్యాయి. ఖాళీ నేలలో బండలరుగుతాయాండీ?"

కమీషనరు గారు ఒంగి బూట్లు విప్పారు, మేజోళ్ళు తీసి బూట్లలో కుక్కారు. మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ మధ్య వదిలిన దారిలో దుప్పట్ల మీద నడుచుకుంటూ గట్టు దాకా వచ్చారు. కూర్చుని, బండ నున్నదనాన్ని అరచేత్తో తడిమి చూశారు.

"ఇదంతా భావోద్వేగమండీ కమీషనరు గారూ" అన్నారు భుజంగరావు గారు అవతల నుంచి. "రూలు ప్రకారం మాట్లాడుకుందాం."

"రూలు ప్రకారమే కానివ్వండి" అంది కృపమ్మ. జనం వైపు తిరిగింది. సభలో వంద సార్లు విన్న మాట, ఆయన గొంతుతోనే విన్న మాట, తన నోటితో అన్నది. "ఈ నేల అనుభవంలో ఉన్నవాళ్ళు చేతులెత్తండి."

లేచాయి. మగవాళ్ళవి లేచాయి, ఆడవాళ్ళవి లేచాయి. ఆనందమ్మ వణుకుతున్న చెయ్యి లేచింది. చంటిపిల్లల చేతులు తల్లులు ఎత్తి పట్టుకున్నారు. హార్మోనియం వెనక నుంచి రాజారత్నం రెండు చేతులూ ఎత్తాడు. ఆదివారం కదా, అందరూ ఉతికిన బట్టల్లో ఉన్నారు. అరచేతులు మాత్రం ఎర్రగా, గోళ్ళ చుట్టూ నల్లగా, ఎప్పటిలాగే ఉన్నాయి.

"ఇది కౌన్సిలు కాదు కృపమ్మా" అన్నారు భుజంగరావు గారు. గొంతులో మునుపటి బింకం లేదు.

"కాదండీ. కౌన్సిలైతే ఇరవై చేతులే ఉంటాయి."

మెంబర్లలో ఒకాయన నవ్వాపుకోలేక దగ్గాడు. పిచ్చేశ్వరరావు గారు అప్పటికే కారు దగ్గరికి వెళ్ళిపోయారు. కమీషనరు గారు లేచి, చుట్ట చుట్టిన ప్లాను కాగితం అంకమ్మరావు చేతిలోంచి తీసుకుని విప్పారు. వేలు పెట్టి చూపించారు. "ఇక్కడ ఖాళీ అని రాశావు. నేను ఈ మాట మీద సంతకం పెట్టను. కొట్టెయ్. కొట్టేసి, కంటికి కనిపిస్తున్నది రాయి." తరవాత ఆమె వైపు తిరిగారు. "కృపమ్మ గారూ, వచ్చే మీటింగులో ఈ రిపోర్టు మీరే చదువుతారా?"

గారు అన్న ఆ మాట విని కృపమ్మ తలూపింది. అంతవరకూ రాని ఏడుపు అప్పుడొచ్చింది, కొంగుతో తుడిచేసుకుంది.

అంకమ్మరావు రాయడానికి చోటు లేక అటూ ఇటూ చూశాడు. చెప్పులు విప్పేసి వచ్చి ఉతుకుడు బండ మీద కాగితం పరిచాడు. పెన్ను తీశాడు గానీ రాయకుండా దాని మూత తిప్పుతూ కూర్చున్నాడు. మొహం మళ్ళీ కందగడ్డలా ఉంది, ఈసారి ఎండ వల్ల కాదు.

కృపమ్మ గబగబా ఇంట్లోకి వెళ్ళి వచ్చింది. కరివేపాకు వేసిన మజ్జిగ చెంబు అతని పక్కన పెట్టింది.

"తాగు నాయనా. తాగి, ఉన్నది ఉన్నట్టు రాయి. మొన్నటి మజ్జిగ బాకీ కూడా ఇందులోనే చెల్లిపోవాలి."